రన్‌వే వాలు, చుట్టూ కొండలు: విమానానికి రెండో అవకాశం ఎక్కడ చేజారుతుంది?

ఎవరెస్ట్ బేస్ క్యాంపుకి వెళ్లే ట్రెక్కర్లలో ఎక్కువమంది నడక మొదలుపెట్టేది నేపాల్‌లోని లుక్లా నుంచి. అక్కడి విమానాశ్రయం సముద్ర మట్టానికి 2,845 మీటర్ల ఎత్తులో ఉంది. రన్‌వే పొడవు 527 మీటర్లే. మన శంషాబాద్‌లోని పెద్ద రన్‌వే 4,260 మీటర్లు. అంటే లుక్లాది అందులో ఎనిమిదో వంతు. పైగా అది చదునుగా కూడా లేదు. ఒక కొస కన్నా రెండో కొస సుమారు 60 మీటర్లు ఎత్తులో ఉంటుంది. ఇరవై అంతస్తుల భవనమంత తేడా. కింది కొస దాటితే లోయ, పై కొస దాటితే కొండ. 1964లో ఎడ్మండ్ హిల్లరీ పూనుకుని కట్టించిన ఈ రన్‌వే 2001 దాకా మట్టి నేలగానే ఉంది.

ఇంత వాలుగా ఎందుకు కట్టారని అడిగేవాళ్లుంటారు. నిజానికి ఆ వాలు లేకపోతే అంత చిన్న రన్‌వే మీద, అంత ఎత్తులో విమానం దిగడం చాలా కష్టం. ఒక చిన్న లెక్క చూద్దాం. గంటకు 123 కిలోమీటర్ల వేగంతో పోతున్న వస్తువు 60 మీటర్ల ఎత్తు ఎక్కిందంటే, బ్రేకు వేయకపోయినా దాని వేగమంతా ఆ ఎక్కడంలోనే ఖర్చయిపోతుంది. లుక్లాకి వచ్చే ట్విన్ ఆటర్, డోర్నియర్ 228, లెట్ 410 లాంటి చిన్న విమానాలు నేలను తాకే వేగం దీనికన్నా కొంచెం ఎక్కువ. అంటే ఆపే పనిలో చాలా భాగం కొండే చేసేస్తుంది. మిగతాది బ్రేకులు, ప్రొపెల్లర్ల రివర్స్ చూసుకుంటాయి. బయల్దేరేటప్పుడు ఇదే లెక్క తిరగబడుతుంది. పై నుంచి కిందికి పరుగెత్తే విమానానికి ఇంజిన్‌తో పాటు భూమ్యాకర్షణ కూడా తోస్తుంది. అందుకే లుక్లాలో దిగడం ఎప్పుడూ లోయ వైపు నుంచి పైకి, ఎగరడం ఎప్పుడూ లోయ వైపుకి. గాలి ఎటు వీచినా ఈ పద్ధతి మారదు.

ఈ సాయానికి ప్రతిగా కొండ ఒకటి తీసేసుకుంటుంది. మామూలు విమానాశ్రయంలో పైలట్‌కి ఎప్పుడూ రెండో అవకాశం ఉంటుంది. దిగడం కుదరకపోతే ఇంజిన్ పవర్ పెంచి మళ్లీ పైకి లేచి, చుట్టు తిరిగి రావచ్చు. దీన్నే గో అరౌండ్ అంటారు. లుక్లాలో చివరి దశలో అది కుదరదు, ఎదురుగా కొండ ఉంది. రన్‌వేకి దగ్గరపడ్డాక దిగి తీరాల్సిందే. 2008 అక్టోబర్ 8న యెతి ఎయిర్‌లైన్స్ ట్విన్ ఆటర్ ఒకటి పొగమంచులో రన్‌వే అంచుకి ముందే నేలను ఢీకొంది. 18 మంది చనిపోయారు. రన్‌వే వాలు, చుట్టూ కొండలు, పలచటి గాలి, పై నుంచి కిందికి తోసే గాలులు అని విడివిడిగా చదువుకుంటాం గానీ, ఇవన్నీ కలిసి చేసే పని ఒకటే. తప్పు దిద్దుకునే చోటు తగ్గించేస్తాయి. ఎంత తగ్గిస్తాయో ముందే లెక్కగట్టడం చుట్టూనే విమానయాన నియమాల్లో పెద్ద భాగం తిరుగుతుంది.

వాలును శాతంలో చెబుతారు. 100 మీటర్ల పొడవుకి ఒక మీటరు ఎత్తు పెరిగితే 1 శాతం. పెద్ద విమానాలు వాడే రన్‌వేల మొత్తం వాలు 1 శాతం మించకూడదన్నది అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో ప్రమాణం. చిన్న రన్‌వేలకు 2 శాతం దాకా ఒప్పుకుంటారు. బోయింగ్ 737, ఎయిర్‌బస్ ఎ320 లాంటి విమానాలకు సాధారణంగా 2 శాతం దాకానే అనుమతి. లుక్లా వాలు దాదాపు 12 శాతం. ఫ్రాన్స్‌లోని కుర్షెవెల్ రన్‌వే అంతకన్నా నిటారుగా, 18 శాతం పైన ఉంటుంది. దాని పొడవు కూడా 537 మీటర్లే.

1 శాతం అంటే కంటికి కూడా ఆనదు. అయినా దాని ప్రభావం ఎంత? ప్రయాణికుల జెట్ విమానం టేకాఫ్‌కి పరుగెత్తేటప్పుడు దాని వేగం సెకనుకు సుమారు 2 మీటర్ల చొప్పున పెరుగుతుంది. 1 శాతం ఎక్కుడు వాలు అందులో 0.1 దాకా తినేస్తుంది. అంటే ఇరవయ్యో వంతు, 5 శాతం. చిన్న విమానాల పైలట్లకు బ్రిటన్ పౌర విమానయాన సంస్థ చెప్పే సూత్రం కూడా దీనికి సరిపోతుంది. 2 శాతం ఎక్కుడు వాలు ఉంటే టేకాఫ్ దూరానికి 10 శాతం కలుపుకోమంటుంది.

10 శాతమే కదా అనిపిస్తుంది. చిక్కంతా ఇవి ఒకదానితో ఒకటి గుణించుకోవడంలో ఉంది. అదే సూత్రాల ప్రకారం ప్రతి 1,000 అడుగుల ఎత్తుకి 10 శాతం, ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఇంకో 10 శాతం, బరువు పదో వంతు పెరిగితే 20 శాతం ఎక్కువ దూరం కావాలి. ఈ నాలుగూ ఒకే రోజు కలిసొస్తే కావలసిన దూరం దాదాపు 60 శాతం పెరుగుతుంది. విడిగా చూస్తే ఏదీ భయపెట్టదు. అందుకే పైలట్ "ఇవాళ కాస్త ఎండ ఎక్కువ, అంతే" అనుకోకుండా ప్రతిసారీ లెక్క వేయాలి.

దిగేటప్పుడు లెక్క కొంచెం వేరు. పొడి రన్‌వే మీద గట్టిగా బ్రేకులు వేస్తే వేగం సెకనుకు సుమారు 3 మీటర్ల చొప్పున తగ్గుతుంది. 1 శాతం దిగుడు వాలు దీన్ని 3 శాతం మాత్రమే పాడుచేస్తుంది. అదే వాన నీళ్లు నిలిచి, టైర్లు సరిగా పట్టక, వేగం సెకనుకు 1.5 మీటర్ల చొప్పునే తగ్గుతుంటే? అదే వాలు అప్పుడు 6 శాతానికి పైగా పాడుచేస్తుంది. బ్రేకులు బలహీనంగా ఉన్న రోజే వాలు దెబ్బ ఎక్కువగా తగులుతుందన్నమాట. దిగుడు వాలు, వెనుక గాలి, తడి రన్‌వే మూడూ ఒకేసారి ఉంటే పైలట్లు టెన్షన్ పడేది ఇందుకే.

దిగుడు వాలు టేకాఫ్‌కి మంచిదని పైన చెప్పాను. దానికీ ఒక షరతు ఉంది. పెద్ద విమానాల్లో ప్రతి టేకాఫ్‌కీ ముందే ఒక నిర్ణయ వేగం లెక్కగడతారు. పైలట్లు దాన్ని వి1 అంటారు. ఆ వేగం లోపు ఇంజిన్ పాడైతే ఆగిపోవాలి, దాటాక పాడైతే మిగిలిన ఇంజిన్‌తోనే ఎగిరిపోవాలి. దిగుడు వాలులో వేగం త్వరగా వస్తుంది గానీ ఆగడం కష్టం. అందుకే అక్కడ వి1 తగ్గిస్తారు. ఎక్కుడు వాలులో పెంచుతారు. ఎగరడానికి పనికొచ్చే వాలు ఆగాల్సి వస్తే ఎదురు తిరుగుతుందని ఈ ఒక్క సర్దుబాటులో తెలిసిపోతుంది.

మరి గాలి సంగతి? విమానం ఎప్పుడూ ఎదురుగాలిలోకి ఎగరాలని, ఎదురుగాలిలోకి దిగాలని చెబుతారు. వాలు ఒకవైపు లాగుతుంటే, గాలి ఇంకోవైపు రమ్మంటుంటే దేన్ని వినాలి? వాలు తక్కువైతే గాలినే వినాలి. టేకాఫ్ వేగంలో పదో వంతు వెనుక గాలి ఉంటే దూరం 20 శాతం పెరుగుతుంది. 2 శాతం దిగుడు వాలు ఇచ్చే లాభం, ఆ వెనుక గాలిలో సగం వీచినా ఆవిరైపోతుంది. 10, 12 శాతం వాలు దగ్గర మాత్రం తక్కెడ పూర్తిగా వాలు వైపే మొగ్గుతుంది.

ఇక కన్ను చేసే మోసం. ఇందులో నాకు బాగా ఆసక్తిగా అనిపించే విషయం, యంత్రంలో ఏ లోపమూ లేకుండా మనిషి చూపు ఒక్కటే విమానాన్ని ప్రమాదంలోకి తీసుకెళ్లగలగడం. విమానం మామూలుగా 3 డిగ్రీల కోణంలో కిందికి వస్తుంది. రన్‌వే ఎలా కనిపిస్తే ఆ కోణంలో ఉన్నట్టో పైలట్ కన్ను అలవాటు పడి ఉంటుంది. రన్‌వే 2 శాతం పైకి లేచి ఉంటే, అది ఒక డిగ్రీ చిల్లర. సరైన దారిలోనే వస్తున్నా, రన్‌వేతో పోల్చి చూస్తే 4 డిగ్రీల కోణంలో వస్తున్నట్టు ఉంటుంది. "మరీ ఎత్తులో ఉన్నాను" అనిపించి పైలట్ విమానాన్ని ఇంకా కిందికి దించుతాడు. అంటే రన్‌వేకి ముందున్న నేలకు దగ్గరవుతాడు. రన్‌వే అవతలి వైపుకి దిగుతూ ఉంటే దీనికి వ్యతిరేకం. తక్కువ ఎత్తులో ఉన్నట్టు అనిపించి, అవసరం కన్నా పైన వచ్చి, రన్‌వే మీద చాలా దూరం తేలిపోయి ఆలస్యంగా నేల తాకుతాడు. రన్‌వే అలవాటైన దానికన్నా సన్నగా ఉన్నా ఎత్తులో ఉన్నామనే భ్రమే కలుగుతుంది. రన్‌వే పక్కన ఒక వరుసలో నాలుగు దీపాలు పెట్టేది ఇందుకే. పాపి అని పిలిచే ఆ వరుసలో రెండు తెల్లగా, రెండు ఎర్రగా కనిపిస్తే కోణం సరిగ్గా ఉన్నట్టు. నాలుగూ ఎర్రగా ఉంటే ప్రమాదకరంగా కిందికి వచ్చేసినట్టు.

లుక్లా లాంటి చోట దీనికి ఇంకో కష్టం తోడవుతుంది. నేల తాకే ముందు విమానం ముక్కు పైకెత్తి, కిందికి దిగే వేగాన్ని చంపుతారు. చదును రన్‌వే మీద ఆ మలుపు 3 డిగ్రీలే. 12 శాతం అంటే సుమారు 7 డిగ్రీల వాలు. కిందికి వస్తున్న విమానాన్ని ఆ వాలుకి సమాంతరంగా తేవాలంటే మొత్తం 10 డిగ్రీల దాకా తిప్పాలి. దానికి వేగం చేతిలో ఉండాలి, కొన్నిసార్లు పవర్ కూడా కలపాలి. వేగం చాలకపోతే విమానం వాలుకి గట్టిగా కొట్టుకుంటుంది. ఎక్కువైతే ఆగడానికి చోటు చాలదు.

ఎత్తైన చోట గాలి పలచన కావడం మరో సంగతి. లుక్లా ఎత్తులో గాలి సాంద్రత సముద్ర మట్టంలో ఉన్నదానిలో నాలుగింట మూడు వంతులే. రెక్కకు అదే బలం రావాలంటే విమానం 15 శాతం ఎక్కువ వేగంతో పోవాలి. పైలట్ ముందున్న మీటరు మాత్రం మామూలు వేగమే చూపిస్తుంది, ఎందుకంటే అది కొలిచేది గాలి ఒత్తిడిని. నేల మీద పరుగు వేగం 15 శాతం పెరిగితే, ఆపాల్సిన శక్తి 30 శాతం పైగా పెరుగుతుంది. మరోవైపు ఇంజిన్ బలం కూడా తగ్గుతుంది. 3,200 మీటర్ల పైన ఉన్న లేహ్‌లో ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ. అక్కడికి ప్రయాణికుల విమానాలు ఎక్కువగా పొద్దున్నే తిరగడానికి కారణం ఇదే. చల్లటి గాలి కాస్త చిక్కగా ఉంటుంది. మధ్యాహ్నానికి కొండల వాలు వేడెక్కి లోయ పొడవునా గాలులు లేస్తాయి. లేహ్ నుంచి బయల్దేరే విమానంలో కొన్ని సీట్లు ఖాళీగా ఉంచారంటే, చాలాసార్లు ఆ బరువుతో ఎగరడానికి ఆ రోజు గాలి ఒప్పుకోలేదని అర్థం.

విమానం నేల వదిలాక చుట్టుపక్కల కొండల వంతు వస్తుంది. రెండు ఇంజిన్ల జెట్ విమానం రెండూ పనిచేస్తుంటే హాయిగా పైకి పోతుంది. కానీ లెక్క ఎప్పుడూ ఒక ఇంజిన్ ఆగిపోయిందనుకునే వేస్తారు. చక్రాలు లోపలికి తీసుకున్నాక ఒక్క ఇంజిన్‌తో అది కనీసం 2.4 శాతం వాలుతో ఎక్కగలగాలన్నది నియమం. అందులోంచి 0.8 శాతం జాగ్రత్త కోసం తీసేసి, మిగిలిన 1.6 శాతం దారిలో ఉన్న ప్రతి అడ్డంకినీ కనీసం 35 అడుగుల పైనుంచి దాటాలి. ఇవి చాలా చిన్న అంకెలు. రన్‌వే కొస నుంచి నేల 3 శాతం వాలుతో లేస్తూ పోయిందంటే, ఒక్క ఇంజిన్ విమానం కన్నా కొండే వేగంగా ఎత్తు పెరుగుతోందన్నమాట. అప్పుడు మిగిలేవి రెండే దారులు. బరువు తగ్గించడం, లేదంటే ఇంజిన్ ఆగితే ఎటు మళ్లాలో ఒక లోయ దారిని ముందే గీసిపెట్టుకోవడం. భూటాన్‌లోని పారో లాంటి చోట్ల లోయలో మలుపులు తిరుగుతూనే దిగాలి, తిరుగుతూనే ఎక్కాలి. అందుకే ప్రత్యేకంగా శిక్షణ పొందిన పైలట్లనే అక్కడికి పంపుతారు.

ఈ లెక్కకు గాలిని కూడా కలపండి. కొండను దాటి వచ్చే గాలి అవతలి వైపు కిందికి జారుతుంది. 140 నాట్ల (గంటకు దాదాపు 260 కిలోమీటర్ల) వేగంతో 2.4 శాతం ఎక్కడమంటే నిమిషానికి 340 అడుగులు మాత్రమే. కొండ చాటున నిమిషానికి 500 అడుగుల చొప్పున కిందికి జారే గాలి పెద్ద వింత కాదు. ఆ గాలిలో చిక్కిన విమానం ముక్కు పైకే ఉంటుంది, కానీ ఎత్తు తగ్గుతూ ఉంటుంది. అనుభవం ఉన్న కొండ ప్రాంత పైలట్లు లోయ మధ్యలో కాకుండా, గాలి పైకి లేచే ఒక పక్కన పోతారు. వెనక్కి తిరగాల్సి వస్తే లోయ వెడల్పు మొత్తం చేతిలో ఉంటుంది కూడా.

దిగేటప్పుడు కొండలు మెట్లు మెట్లుగా ఎత్తు తగ్గించమంటాయి. కాఠ్మాండూలో 1992లో రెండు నెలల వ్యవధిలో రెండు పెద్ద విమానాలు కొండల్ని ఢీకొన్నాయి. జులై 31న థాయ్ విమానంలో 113 మంది, సెప్టెంబర్ 28న పాకిస్తాన్ ఎయిర్‌లైన్స్ విమానంలో 167 మంది చనిపోయారు. రెండోదాంట్లో విమానం ఒక మెట్టు ముందుగానే ఎత్తు తగ్గించుకుంటూ వచ్చింది. అందులో ఏ యంత్రమూ చెడిపోలేదు. అప్పటి హెచ్చరిక పరికరం కిందున్న నేలనే చూసేది, నిటారుగా లేచే కొండ ముందుంటే చెప్పేసరికే ఆలస్యమయ్యేది. డాన్ బేట్‌మన్ అనే కెనడా ఇంజినీరు బృందం 1990లలో దానికి ప్రపంచ భూభాగపు పటాన్ని జోడించింది. ఇప్పుడు విమానం తానెక్కడుందో ఆ పటంతో పోల్చుకుని, ముందున్న కొండ గురించి ముందుగానే అరుస్తుంది. నా దృష్టిలో ప్రయాణికుల ప్రాణాలు కాపాడిన పరికరాల్లో దీనికి మొదటి వరుసలో చోటివ్వాలి.

మన దేశంలో ఈ చర్చంతా టేబుల్‌టాప్ రన్‌వేల చుట్టూ తిరుగుతుంది. కొండ నెత్తిని చదును చేసి కట్టినవి. మంగళూరు, కోళికోడ్, మిజోరంలోని లెంగ్‌పుయి, సిమ్లా, సిక్కింలోని పాక్యాంగ్ ఇలాంటివే. 2010 మే 22న మంగళూరులో ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ బోయింగ్ 737 రన్‌వే దాటి లోయలో పడింది. 158 మంది చనిపోయారు, 8 మంది బతికారు. 2020 ఆగస్టు 7న కోళికోడ్‌లో అదే సంస్థ విమానం వానలో, వెనుక గాలితో దిగి రన్‌వే దాటింది. 21 మంది చనిపోయారు.

రెండుసార్లూ టీవీల్లో "టేబుల్‌టాప్ రన్‌వే వల్లే" అన్న మాట పదే పదే వినిపించింది. నేను దీంతో ఏకీభవించను. మంగళూరు రన్‌వే 2,450 మీటర్లు, ఆ విమానానికి సరిపోయే పొడవే. కానీ విమానం ఉండాల్సిన దానికన్నా చాలా ఎత్తులో వచ్చింది. గో అరౌండ్ చేద్దామని కో పైలట్ ఒకటికి మూడుసార్లు చెప్పినా కెప్టెన్ ఆగలేదు. చివరికి రన్‌వేలో సగానికి పైగా దాటాక చక్రాలు నేల తాకాయి. కోళికోడ్‌లో 2,700 మీటర్ల రన్‌వే మీద 1,350 మీటర్లు గడిచాక తాకాయి. అంత ఆలస్యంగా దిగితే చదును నేల మీదున్న విమానాశ్రయంలో కూడా విమానం రన్‌వే దాటిపోయేదే. కాకపోతే అక్కడ బురదలో కూరుకుపోయి ఆగేది, చాలామంది నడిచి బయటికి వచ్చేవాళ్లు. ప్రమాదానికి మూలం తప్పు నిర్ణయం. దానికి అంత మంది ప్రాణాలు మూల్యమైంది మాత్రం కొండ వల్లే. ఈ రెండింటినీ కలిపేస్తే పైలట్ శిక్షణ గురించి అడగాల్సిన ప్రశ్నా పోతుంది, రన్‌వే కొసన అడగాల్సిన ప్రశ్నా పోతుంది.

రన్‌వే కొసన అడగాల్సింది రీసా గురించి. రన్‌వే దాటిన విమానం కోసం వదిలే ఖాళీ నేల అది. ఐకావో ప్రకారం కనీసం 90 మీటర్లు, వీలైతే 240 మీటర్లు ఉండాలి. టేబుల్‌టాప్ మీద ఆ నేల దొరకదు, లోయలో మట్టి పోసి పెంచాలి, లేదంటే రన్‌వేనే కుదించి అందులోంచి ఇవ్వాలి. అదీ కుదరకపోతే కొసన తేలికపాటి కాంక్రీటు దిమ్మెలు పరుస్తారు. విమానం బరువుకి అవి నలిగి చక్రాల్ని పట్టి ఆపుతాయి. దీనికి ఖర్చవుతుంది, నిజమే. ఆ ఖర్చు విషయంలో వెనకాడకూడదన్నది నా గట్టి అభిప్రాయం.

ఇదంతా ఎక్కడో కొండల్లోని సంగతి కాదు. విశాఖ విమానాశ్రయం కూడా కొండల మధ్యే ఉంది. రన్‌వే 3,050 మీటర్లు, కాబట్టి అక్కడ ఆలోచించాల్సింది పొడవు గురించి కాదు, చుట్టూ ఉన్న ఎత్తుల గురించి. కొండలే లేని ఊళ్లో అయితే మనం కట్టే భవనాలే ఆ పని చేస్తాయి. రన్‌వే కొసల నుంచి బయటికి, ప్రతి కిలోమీటరుకి 20 మీటర్ల చొప్పున పైకి లేచే ఒక ఊహా తలాన్ని గీస్తారు. దాన్ని పొడుచుకుని ఏ కట్టడమూ పైకి రాకూడదు. హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో విమానాశ్రయం చుట్టుపక్కల అపార్ట్‌మెంట్ కట్టే బిల్డర్ ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ రంగుల మ్యాపు చూసి, ఎత్తు ఎన్‌ఓసీ తెచ్చుకోవాల్సింది అందుకే. అందులో రాసే ఎత్తు సముద్ర మట్టం నుంచి లెక్క. పై స్లాబ్‌తో అది ఆగదు. నీళ్ల ట్యాంకు, లిఫ్టు గది, సెల్ టవర్, హోర్డింగ్ అన్నీ అందులోకే వస్తాయి. అనుమతి వచ్చాక మేడ మీద ఇంకో ఆరు మీటర్ల టవర్ లేపితే రోజూ ఎగిరే విమానాలకు ఏమీ తెలియకపోవచ్చు. ఒక్క ఇంజిన్‌తో 1.6 శాతం లెక్క మీద, 35 అడుగుల తేడాతో దాటాల్సిన విమానానికి మాత్రం ఆ ఆరు మీటర్లు అంటే దాని దగ్గరున్న తేడాలో సగానికి పైనే.